పశువైద్య పట్టా వేరు, విదేశీ లైసెన్సు వేరు

అమీర్‌పేట మెట్రో దిగి మైత్రీవనం వైపు నడిస్తే జీఆర్ఈ, ఐఈఎల్‌టీఎస్ కోచింగ్ బోర్డులు కళ్లకు అడ్డం పడుతుంటాయి. పంజాగుట్ట వైపు వెళ్తే కన్సల్టెన్సీలు. ఇదంతా ప్రధానంగా బీటెక్ పిల్లల కోసం పెరిగిన ఏర్పాటు. రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలలో బీవీఎస్సీ చదువుతున్నవాళ్లు అక్కడికి వెళ్లేముందు తమ లెక్క తాము వేసుకోవడం మంచిది. ఎందుకంటే అది ఇంజినీర్ల లెక్కలా ఉండదు.

‘అమెరికాలో ఎమ్మెస్ చేస్తే అక్కడ పశువుల డాక్టరుగా ప్రాక్టీసు పెట్టుకోవచ్చు కదా?’ ఇంట్లోవాళ్లు ముందు అడిగేది ఇదే. కుదరదు. వెటర్నరీ సైన్సులోనో యానిమల్ సైన్సులోనో చేసే ఎమ్మెస్ సాధారణంగా 2 ఏళ్ల పరిశోధన చదువు. దానితో ల్యాబుల్లో, మందుల కంపెనీల్లో, దాణా కంపెనీల్లో ఉద్యోగాలు వెతుక్కోవచ్చు. కుక్కకు ఆపరేషన్ చేయాలంటే మాత్రం లైసెన్సు కావాలి.

ఆ లైసెన్సుకు మన పట్టా ఎందుకు సరిపోదు? అమెరికా పశువైద్యుల సంఘం గుర్తింపు మన దేశంలో ఏ కళాశాలకూ లేదు కాబట్టి. దీన్నిబట్టి మన చదువు తక్కువదని అనుకోనక్కర్లేదు. రాజేంద్రనగర్ కళాశాల 1946 నుంచి పశువైద్యులను తయారుచేస్తోంది. గుర్తింపు లేని కళాశాలల్లో చదివినవాళ్ల కోసం ఆ సంఘమే ఈసీఎఫ్‌వీజీ అనే అర్హత నిర్ధారణ కార్యక్రమం నడుపుతోంది.

అందులో 4 మెట్లు. పట్టా పత్రాల తనిఖీ, ఇంగ్లీషు పరీక్ష, 225 ప్రశ్నల కంప్యూటర్ పరీక్ష, చివరగా జంతువు ముందు నిలబడి చేసి చూపించే పరీక్ష. వీటితో పాటు అక్కడి విద్యార్థులూ రాసే నావ్లీ అనే లైసెన్సు పరీక్ష కూడా గట్టెక్కాలి. అందులో 360 ప్రశ్నలు, ఆరున్నర గంటలు. అంటే ప్రశ్నకు 65 సెకన్లు. మన ఎంసెట్‌లో ఒక్కో ప్రశ్నకు దొరికిన సమయం కంటే కాస్త తక్కువే.

మనవాళ్లు ఎక్కువ జాగ్రత్తపడాల్సింది నాలుగో మెట్టు దగ్గర. 3 రోజులు, 7 విభాగాలు: మత్తు ఇవ్వడం, శస్త్రచికిత్స, ఎక్స్‌రేలు చదవడం, శవపరీక్ష, చిన్న జంతువుల వైద్యం, పాడి-మాంసం పశువుల వైద్యం, గుర్రాల వైద్యం. 2019 పశుగణన ప్రకారం దేశంలోనే ఎక్కువ గొర్రెలు తెలంగాణలో ఉన్నాయి, దాదాపు 1.9 కోట్లు. గొర్రె, గేదె, కోడి మన విద్యార్థికి చేతిలో పనే. గుర్రం అలా కాదు. నగరంలో గుర్రాలంటే మలక్‌పేట రేసుకోర్సే గుర్తొస్తుంది. ఇంటర్న్‌షిప్ ఏడాదిలో గుర్రాలకు వైద్యం చేసేవాళ్ల దగ్గర పని నేర్చుకునే వీలు ఎక్కడ దొరికినా వదులుకోవద్దు. పుస్తకం చదివి గుర్రం కాలు పట్టుకోలేం.

ఇక డబ్బు. 20 లక్షల అప్పు 11 శాతం వడ్డీకి తీసుకుని 10 ఏళ్లలో తీరుస్తే నెలకు సుమారు 27,550 రూపాయలు కట్టాలి. మొత్తం 33 లక్షలు దాటుతుంది. చదువుకునే రోజుల్లో పెరిగే వడ్డీ దీనికి అదనం. అప్పు పత్రం మీద సంతకం పెట్టేముందు అసిస్టెంట్‌షిప్ సంగతి చూడండి. అంటే ప్రొఫెసర్ పరిశోధనలోనో పాఠాల్లోనో సాయం చేసినందుకు విశ్వవిద్యాలయం ఇచ్చే జీతం. చాలాచోట్ల ఫీజు మినహాయింపు కూడా ఉంటుంది. తరగతులు జరిగే రోజుల్లో పని వారానికి 20 గంటలు మించకూడదు. ఆరు రోజులకు పంచితే రోజుకు 3 గంటల 20 నిమిషాలు. పరిశోధన ఎమ్మెస్‌లో ఈ దారి ఉందని కన్సల్టెన్సీ కౌంటర్ దగ్గర ఎవరూ చెప్పకపోవచ్చు. మీరే ప్రొఫెసర్ల పరిశోధనా పత్రాలు చదివి, ఏం నచ్చిందో, మీరేం చేయగలరో రాసి ఈమెయిల్ పంపాలి. అందరికీ ఒకే ఉత్తరం పంపితే జవాబులు రావు.

యూరప్‌లో ఎరాస్మస్ ముండస్ ఉపకారవేతనం నెలకు 1,400 యూరోలు. 24 నెలలకు 33,600. యూరోకు 90 రూపాయలే వేసుకున్నా 30 లక్షలు దాటింది. తెలంగాణ ప్రభుత్వ ఓవర్సీస్ విద్యానిధి పథకాలు ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ విద్యార్థులకు 20 లక్షల వరకు ఇస్తాయి. వాటికి కుటుంబ ఆదాయ పరిమితి ఉంది. అర్హమైన చదువుల్లో వ్యవసాయ శాస్త్రాలు ఉన్నాయి. మీ కోర్సు దాని కిందకు వస్తుందో లేదో ముందే సంక్షేమ శాఖలో అడిగి తెలుసుకోండి.

బ్రిటన్, ఆస్ట్రేలియాల్లోనూ బయటి పట్టాలవాళ్లకు వేరే పరీక్షలున్నాయి. ఒక దేశం గెలిచినంత మాత్రాన రెండోది గెలిచినట్టు కాదు.

ఎప్పుడు మొదలుపెట్టాలి? బీవీఎస్సీ అయిదున్నరేళ్లు, చివరి ఏడాది ఇంటర్న్‌షిప్. అమెరికాలో ఆగస్టు ప్రవేశాలకు దరఖాస్తుల గడువు చాలాచోట్ల అంతకుముందు డిసెంబరు, జనవరిలోనే ముగుస్తుంది. ప్రొఫెసర్లకు రాయడం అంతకు కొన్ని నెలల ముందే, అంటే సెప్టెంబరు నాటికే మొదలవ్వాలి. ఇంటర్న్‌షిప్ ముగిశాక అమీర్‌పేట బస్సెక్కితే ఆ ఏడాది పోయినట్టే.