ఎర్రదీపం అబద్ధమాడుతోందా?

హైదరాబాద్ నుంచి విజయవాడ బయల్దేరారు. సూర్యాపేట దాటింది. వెనకసీట్లో పిల్లలు పోట్లాట ఆపి నిద్రలోకి జారుకున్నారు. అప్పుడు వెలిగింది డ్యాష్‌బోర్డు మీద ఓ ఎర్రదీపం. కుట్టుమిషన్‌కి నూనె వేసే డబ్బాలాంటి బొమ్మ... దాని మూతి నుంచి జారుతున్న ఓ చుక్క. ఇంజిన్ చప్పుడులో తేడా లేదు. వేడి చూపించే ముల్లు మామూలుగానే ఉంది. బండి హాయిగా పరుగెడుతోంది. 'ఏం కాదులే బావా, సెన్సర్ పోయుంటుంది. కోదాడలో ఎవరికైనా చూపిద్దాం' అంటాడు పక్కన కూర్చున్న బావమరిది.

ఆ మాట నిజం కావచ్చు. ఆయిల్ ప్రెషర్ సెన్సర్లు పాడవడం చాలా మామూలు సంగతి. కానీ కోదాడ ఇంకా 40 కిలోమీటర్లుంది. బావమరిది అంచనా తప్పయితే అక్కడికి చేరేది కారు కాదు, కారుని మోసుకొచ్చే లారీ!

కారులో వెలిగే దీపాలన్నిట్లోకీ దీనికి ఉన్నంత తొందర మరో దానికి లేదు. 'చెక్ ఇంజిన్' అని పసుపురంగు దీపం వెలిగితే ఇంటికెళ్లి, మర్నాడు తీరిగ్గా మెకానిక్‌కి చూపించుకున్నా చాలాసార్లు ఏమీ కాదు. ఈ ఎర్రదీపానికి అంత గడువు ఉండదు. మామూలు ఆయిల్ స్విచ్చు ధర కొన్ని వందల రూపాయలు. దాని మాట వినకపోతే చేయించాల్సిన ఇంజిన్ పని ఖరీదు చిన్న కారుకైనా వేలల్లో, పెద్దదానికైతే లక్షల్లో. అందుకే ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే... దీపం నిజం చెబుతోందా, అబద్ధమాడుతోందా? దాన్ని తేల్చే పద్ధతి ఉంది. కష్టమైందేం కాదు. కానీ ఊహతో తేలేది మాత్రం కాదు.

నూనె మీద తేలే ఇనుము

ఇంజిన్ లోపల క్రాంక్‌షాఫ్ట్ బేరింగుల్లో తిరుగుతుందని మనం అంటాం గానీ నిజానికి అది బేరింగుని తాకకూడదు. రెంటి మధ్యా ఉండే సందు మిల్లీమీటరులో వందో వంతుల లెక్క. తలవెంట్రుక మందం కన్నా తక్కువ. ఆ సందులో పొరలా నిలబడే నూనె మీద షాఫ్ట్ తేలుతూ తిరుగుతుంది. బండి హైవే మీద వెళ్లేటప్పుడు నిమిషానికి మూడువేల చుట్లు, అంటే సెకనుకి 50! టర్బో ఉన్న కారైతే దాని చక్రం నిమిషానికి లక్ష చుట్లకు పైనే తిరుగుతుంది. దాన్నీ కాపాడేది ఆ నూనే.

నూనెను అక్కడికి చేర్చేది ఆయిల్ పంపు. ఇంజిన్ అడుగున ఉండే ఛాంబర్లోంచి ఒక జాలీ ద్వారా నూనెను పీల్చి, ఫిల్టర్లోంచి పంపి, సన్నటి దారుల గుండా పై దాకా తోస్తుంది. ఈ దారిలో ఎక్కడ తేడా వచ్చినా పొర చిరుగుతుంది. ఇనుముకి ఇనుము రాసుకుంటుంది. బేరింగు వేడెక్కి, కరిగి, షాఫ్ట్‌ని పట్టేసుకుంటుంది. 'ఇంజిన్ సీజైంది' అంటారే, అది ఇదే. ఇందుకు గంటలు అక్కర్లేదు, నిమిషాలు చాలు.

స్విచ్చుకి తెలిసిందెంత?

ఈ వ్యవస్థ మీద కాపలా ఉండేది బొటనవేలంత స్విచ్చు. చాలా కార్లలో ఆయిల్ ఫిల్టరుకి దగ్గర్లో ఇంజిన్ దిమ్మకే బిగించి ఉంటుంది. పాత పద్ధతి స్విచ్చుకి ఒకటే వైరు. లోపల పల్చటి పొర, దాని వెనక చిన్న స్ప్రింగు. నూనె ఒత్తిడి లేనప్పుడు స్విచ్చు కలిసి ఉండి, వైరుకి ఇంజిన్ బాడీ ద్వారా ఎర్త్ దొరుకుతుంది, దీపం వెలుగుతుంది. ఒత్తిడి రాగానే పొర పైకి లేచి స్విచ్చు విడిపోతుంది, దీపం ఆరిపోతుంది. తాళం తిప్పగానే వెలిగి, ఇంజిన్ స్టార్టవగానే ఆరిపోయే దీపం ఇదే.

ఇక్కడే చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. కారు టైర్లో మనం 30, 33 పీఎస్‌ఐ గాలి కొట్టిస్తాం కదా. ఇంజిన్ వేడిగా ఉండి మామూలు వేగంతో నడుస్తుంటే నూనె ఒత్తిడి దాదాపు అంతే, లేదా అంతకన్నా ఎక్కువ. నిలబెట్టి వదిలేస్తే పది పదిహేనుకి దిగుతుంది. మరి స్విచ్చు దీపం వెలిగించేది ఎప్పుడో తెలుసా? చాలా కార్లలో నాలుగు నుంచి ఏడు పీఎస్‌ఐ దగ్గర. అంటే ఒత్తిడి సగానికి పడిపోయినా దీపం నోరు విప్పదు. దాదాపు అడుగంటాకే అరుస్తుంది. కాబట్టి దీపం వెలగలేదంటే అంతా బాగున్నట్టు కాదు. వెలిగిందంటే మాత్రం, అది నిజమే అయితే, అప్పటికే ఆలస్యమైనట్టు. ట్రాక్టర్లలో, లారీల్లో ముల్లు ఉన్న ఆయిల్ మీటరు కనిపించేది. అది కాస్త ముందే చెప్పేది. కార్లలో దాని స్థానాన్ని దీపం ఆక్రమించేసింది. చూడ్డానికి శుభ్రంగా ఉంది గానీ, డ్రైవరుకి అందే సమాచారం తగ్గింది.

రోడ్డు మీద ఉండగా...

దీపం వెలగ్గానే చేయాల్సిన పని ఎడమపక్కకి తీసి ఆపి, ఇంజిన్ కట్టేయడం. ఆపేసి కాసేపు స్టార్టింగ్‌లోనే ఉంచి చూద్దాం అనుకోవద్దు. బండి చదునుగా ఉన్నచోట ఐదు పది నిమిషాలాగండి. నూనె కిందికి దిగాలి కదా. తర్వాత డిప్‌స్టిక్ తీసి, గుడ్డతో తుడిచి, మళ్లీ పూర్తిగా దించి, తీసి చూడండి. నూనె రెండు గీతల మధ్య ఉండాలి. చాలా కార్లలో కింది గీతకీ పైగీతకీ తేడా దాదాపు లీటరు.

నూనె కింది గీత కూడా అందకపోతే కారణం సగం దొరికినట్టే. కారు కింద తడి ఉందా చూడండి. ఎత్తయిన స్పీడ్‌బ్రేకరో, రాయో తగిలి ఛాంబరు చిట్లిందేమో. కారకపోతే అదే గ్రేడు నూనె పోసి స్టార్ట్ చేయొచ్చు. కొన్ని సెకన్లలో దీపం ఆరిపోవాలి. ఆరలేదా, వెంటనే కట్టేయాలి.

నూనె నిండుగా ఉంటే? 'చూశావా, నే చెప్పలా... సెన్సరే' అంటాడు బావమరిది. తొందరపడొద్దు! డిప్‌స్టిక్ చెప్పేది నూనె ఉందా లేదా అని మాత్రమే. అది పైకి ఎక్కుతోందా అన్నది దానికి తెలీదు. పంపు అరిగినా, ఒత్తిడిని అదుపు చేసే వాల్వు ఇరుక్కున్నా, ఛాంబర్లోని జాలీకి మడ్డి పట్టినా డిప్‌స్టిక్ మీద నూనె నిండుగానే కనిపిస్తుంది. ముఖ్యంగా మడ్డి. రోజూ రెండు కిలోమీటర్లు వెళ్లి పార్కింగ్‌లో పడుకునే కార్లకి ఇది ఎక్కువ. 'తిప్పిందే తక్కువ, ఆయిల్ మార్చడమెందుకు' అనుకునేది వీళ్లే. నూనె పైగీత దాటి, డీజిల్ వాసన కొడుతుంటే అదీ అనుమానించాల్సిందే. ఇంధనం కలిసి నూనె నీళ్లయిందన్నమాట. అందుకే నూనె నిండుగా ఉన్నా, కారణం తేలనప్పుడు బండిని ఎక్కించి తీసుకెళ్లమనే చెబుతాను. ఆ ఖర్చు నొప్పే. ఇంజిన్ ఖర్చు ముందు అది చిల్లర.

దీపం వెలిగే తీరు కూడా కొంత చెబుతుంది. మలుపుల్లో, బ్రేకు వేసినప్పుడు మిణుకుమంటే నూనె తగ్గిందని అర్థం. ఛాంబర్లో ఉన్న కాస్తా ఓ పక్కకి ఒరిగి పంపుకి అందట్లేదు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు వెలిగి, కాస్త రేస్ చేస్తే ఆరిపోతుంటే నూనె పల్చబడి ఉండాలి, బేరింగులు అరిగి ఉండాలి, లేదా స్విచ్చే నీరసపడి ఉండాలి. చలి ఇంజిన్‌తోనూ, ఎంత రేస్ చేసినా మార్పు లేకుండా వెలుగుతూ, ఇంజిన్ మాత్రం మెత్తగా నడుస్తుంటే అనుమానం స్విచ్చు మీదికో వైరు మీదికో మళ్లుతుంది. అనుమానమే సుమా! తీర్పు కాదు.

మీటరు చెప్పాలి తీర్పు

షెడ్డుకి చేరాక మొదటి పరీక్ష వైరుకి. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం తిప్పి, స్విచ్చు మీది వైరు ఊడదీయాలి. దీపం ఆరిపోవాలి. ఇంకా వెలుగుతోందంటే వైరు ఎక్కడో చర్మం ఊడి బాడీకి తగులుతోంది. అపార్ట్‌మెంటు సెల్లార్లలో నిలిపే కార్లకి ఎలుకలు చేసే ఉపకారమిది! ఊడదీసిన వైరు కొనని ఇంజిన్ లోహానికి తాకిస్తే దీపం వెలగాలి. వెలక్కపోతే వైరు తెగింది లేదా బల్బు పోయింది. వైరు కనెక్టర్లో నూనె తడి కనిపిస్తే స్విచ్చు లోపలి పొర చిరిగినట్టు. అలాంటి స్విచ్చుని ఇంకేం ఆలోచించకుండా మార్చేయొచ్చు. ఇదంతా ఒంటివైరు స్విచ్చుల సంగతి. రెండు మూడు వైర్లున్న చోట ఇలా తాకించి చూడకూడదు. అవతల ఉన్నది బల్బు కాదు, కంప్యూటరు.

వైరు బాగుందని తేలాక అసలు పరీక్ష. స్విచ్చు విప్పి, అదే రంధ్రంలో ముల్లున్న మెకానికల్ ప్రెషర్ మీటరు బిగించాలి. కరెంటుతో, వైర్లతో దీనికి పనిలేదు. నూనె తోస్తే ముల్లు లేస్తుంది, తోయకపోతే లేవదు. స్టార్ట్ చేసి మూడు నాలుగు సెకన్లు చూడాలి. ముల్లు కదలకపోతే వెంటనే ఆపేయాలి. లేస్తే ఇంజిన్‌ని బాగా వేడెక్కనిచ్చి, స్లో మీద ఒకసారి, రేస్ చేసి ఒకసారి చూసి, ఆ కారు సర్వీసు పుస్తకంలోని అంకెలతో పోల్చాలి. చలి మీద చూసి సరిపెట్టుకోవడం తప్పు. నూనె చిక్కగా ఉన్నప్పుడు అరిగిన ఇంజిన్ కూడా మంచి ఒత్తిడే చూపిస్తుంది.

అంకెలు సరిపోయాయా... ఇంజిన్ నిర్దోషి, స్విచ్చు దోషి. సరిపోలేదా... ఎన్ని సెన్సర్లు మార్చినా లాభం లేదు. పనంతా పది నిమిషాల్లోనో అరగంటలోనో అయిపోతుంది. అయినా చాలా షెడ్లలో మీటరు బయటికే తీయరు. మీటరు పెట్టకుండా సెన్సర్ మార్చేసేవాళ్లూ, మీటరు పెట్టకుండానే ఇంజిన్ దించాలనేవాళ్లూ నా లెక్కలో ఒకటే. 'ప్రెషర్ ఎంతొచ్చింది?' అని అడగండి. అంకె చెప్పగలిగినవాళ్లకే పని అప్పగించండి.

మార్చేటప్పుడు

స్విచ్చు మార్చడం పెద్ద పనేం కాదు. ఇంజిన్ చల్లారాక పొడవు సాకెట్‌తో విప్పడం, కొత్తది బిగించడం, అంతే. తప్పులు జరిగేది చిన్నచిన్న చోట్ల. లీకు కాకూడదని మరలకి తెల్ల టేపు దండిగా చుడతారు. ఒంటివైరు స్విచ్చుకి ఎర్త్ అందేది ఆ మరల ద్వారానే. టేపు దట్టమైతే ఎర్త్ తెగుతుంది, దీపం ఎప్పటికీ వెలగదు! టేపు ముక్క ఊడి నూనె దారిలో పడితే అది ఇంకో తలనొప్పి. చాలా స్విచ్చులకు మర మీద కంపెనీయే లేపనం పూసి ఇస్తుంది. చెయ్యి ఉంది కదా అని బలంగా బిగిస్తే అల్యూమినియం దిమ్మలో మర చెడుతుంది. నమూనా చూసి 'సరిపోతుందిలే' అని ఏదో స్విచ్చు కొనొద్దు. మర ఒకటే అయినా అది పనిచేసే ఒత్తిడి వేరు కావచ్చు. నూనె గ్రేడుకీ ఇదే మాట. కొత్త పెట్రోలు కార్లు కొన్నిటికి 0డబ్ల్యు-20, 0డబ్ల్యు-16 లాంటి బాగా పల్చటి నూనెలు వాడమంటున్నారు. వాటిని ఓ పాత ఇంజిన్‌లో పోస్తే స్లో మీద దీపం మిణుకుమనొచ్చు.

కొన్ని ఇంజిన్లలో సెన్సర్ కన్నా దాని కింద ఉన్నదే అసలు దొంగ. అమెరికాలో తిరిగే షెవర్లే పికప్పుల 5.3 లీటర్ల వీ8 ఇంజిన్లలో సెన్సర్ వెనకవైపు పైన ఉంటుంది. కొన్నిటికి దాని కింద వేలిగోరంత జాలీ ఉంటుంది. అది మూసుకుపోతే సెన్సర్ కొత్తదైనా ముల్లు కిందే ఉంటుంది. సెన్సర్ మార్చి జాలీని వదిలేసినవాళ్లు మళ్లీ షెడ్డుకి రావాల్సిందే.

ఎలక్ట్రానిక్ సెన్సర్లున్న కార్లలో స్కానర్ కొంత దారి చూపిస్తుంది. పీ0522, పీ0523 అని వస్తే సెన్సర్ నుంచి వచ్చే కరెంటు సంకేతం మరీ తక్కువ లేదా మరీ ఎక్కువని అర్థం. ముందు వైర్లు, కనెక్టరు చూడాలి. పీ0524 అంటే ఒత్తిడే తక్కువని కంప్యూటరు ఫిర్యాదు. ఏ కోడ్ వచ్చినా మీటరు పరీక్ష తప్పదు. కంప్యూటరు కూడా ఆ సెన్సర్ మాటే నమ్ముతుంది మరి!

కొత్తది బిగించాక దీపం వెలిగి ఆరుతోందా చూసుకుని, రెండ్రోజులయ్యాక స్విచ్చు చుట్టూ ఓసారి తడిమి చూడండి. నూనె అంటకూడదు.

సెకండ్‌హ్యాండ్ కారు కొనేవాళ్లకి ఇంకో మాట. వైరు ఊడదీస్తే దీపం ఆరిపోతుందని చెప్పుకున్నాం కదా. అరిగిపోయిన ఇంజిన్‌ని అమ్మేసేవాళ్లలో కొందరికి ఆ కిటుకు బాగా తెలుసు. అందుకే స్టార్ట్ చేసే ముందు తాళాన్ని ఒక్క మెట్టు తిప్పి ఆగండి. బటన్ కారైతే బ్రేకు మీద కాలు పెట్టకుండా బటన్ నొక్కండి. చాలా కార్లలో రెండోసారి నొక్కాక దీపాలన్నీ వెలుగుతాయి. ఎక్కువ కార్లలో వాటి మధ్య నూనెడబ్బా బొమ్మ కూడా ఎర్రగా కనిపించాలి. కనిపించకపోతే, అడ్వాన్సు ఇచ్చే ముందు మీ మెకానిక్‌ని మీటరు తెమ్మని పిలవండి.