కాలికి కట్టిన వంద గ్రాములు

ఆగస్టులో హైదరాబాద్ మారథాన్ ఉందంటే జూన్ నుంచే మా ఇంట్లో బూట్ల గోల మొదలవుతుంది. "తాతా, ఒక్కోటి రెండొందల గ్రాములే. వేసుకుంటే కాలికి ఏమీ లేనట్టే ఉంటుంది. ఇవైతే స్పీడూ పెరుగుతుంది, లాంగ్ రన్నూ ఈజీ అవుతుంది" అంటాడు మనవడు. తేలికైతే వేగం పెరుగుతుందని నీకెవరు చెప్పార్రా అంటే, అది ఒకరు చెప్పాలా అన్నట్టు చూస్తాడు.

చెప్పాలి నాన్నా. చెప్పడమే కాదు, పరీక్ష చేసి చూపించాలి. ఆ పరీక్షల కథ బూటు కంటే బాగుంటుంది, ఇలా కూర్చో.

ముందు కాస్త గుణకారం చేద్దాం. నాలుగు గంటల్లో మారథాన్ పూర్తి చేసేవాడు నిమిషానికి 170 అడుగులు వేస్తాడనుకో. మొత్తం నలభై వేల చిల్లర. అంటే ఒక్కో కాలికి ఇరవై వేలు. బూటు వంద గ్రాములు బరువెక్కితే, ఇరవై వేల సార్లు వంద గ్రాములు, అంటే రెండు టన్నులు ఒక్కో కాలూ అదనంగా లేపి ముందుకు విసరాలి. సరిగ్గా ఇలాంటి లెక్కే వేసుకుని బూట్ల బరువు తగ్గించడం మీద పడ్డాడు బిల్ బోవర్‌మన్. అమెరికాలో ఆరెగాన్ యూనివర్సిటీ కోచ్, నైకీ కంపెనీ పెట్టిన ఇద్దరిలో ఒకడు. 1970ల మొదట్లో వాళ్లావిడ గళ్లగళ్ల అట్లు వేసే పెనంలో రబ్బరు లాంటి యురెథేన్ పోసి తేలికపాటి బూటు అడుగు తయారు చేయబోయాడు. పెనం పాడైంది, అడుగు మాత్రం తర్వాత్తర్వాత కుదిరింది. మీ నానమ్మ దోసె పెనం మీద నేనా పని చేసి ఉంటే ఈ కబుర్లు చెప్పడానికి మిగిలేవాణ్ణి కాదు.

అదే వంద గ్రాములు నడుముకి కట్టుకుంటే ఏమవుతుంది? పెద్దగా ఏమీ కాదు. నడుము దాదాపు ఒకే వేగంతో ముందుకు సాగిపోతుంటుంది. పాదం అలా కాదు. నేలకి ఆనినంతసేపూ ఆగిపోయి ఉంటుంది. మరుక్షణం లేచి, వెనకబడ్డ దూరమంతా కలుపుకుని, ఒంటి కంటే వేగంగా ముందుకు రావాలి. మళ్లీ ఆగాలి. ఇలా ఆగడం, ఉరకడం ప్రతి అడుగుకీ ఉంటుంది కాబట్టే బరువు కాలి చివర ఉన్నప్పుడు ఖర్చు ఎక్కువ. ఒక్కో బూటుకి వంద గ్రాములు పెరిగితే శరీరం వాడే ఆక్సిజన్ సుమారు 1% పెరుగుతుందని 1980ల నుంచీ తెలుసు. నడుము దగ్గర అంత ఖర్చు పెరగాలంటే అరకిలోకి పైగానే కట్టుకోవాలి.

ఖర్చు పెరిగితే నిజంగా వేగం తగ్గుతుందా అనేది వేరే ప్రశ్న. దాన్ని కొలరాడో యూనివర్సిటీలో, బోల్డర్ ఊళ్లో, రాజర్ క్రామ్ అనే ప్రొఫెసరు ల్యాబులో తేల్చారు. 2016లో అచ్చయిన ఆ పరీక్ష నాకు భలే ఇష్టం, ఎందుకంటే అందులో చిన్న మోసం ఉంది. 18 మంది రన్నర్లకి చూడ్డానికి ఒకేలా ఉండే మూడు జతలిచ్చారు. ఒకటి మామూలుది. రెండోదానిలో ఒక్కో బూటుకి 100 గ్రాములు, మూడోదానిలో 300 గ్రాములు సీసపు గుళ్లు కనపడకుండా పెట్టారు. బరువు మార్చామని వాళ్లకి చెప్పలేదు. ఎందుకు చెప్పకూడదంటావా? బరువైన బూట్లని తెలిస్తే మనసే ముందు అలిసిపోతుంది. అప్పుడు మనం కొలిచేది బూటునా, బెంగనా? ఆ బూట్లతో 3000 మీటర్లు ఎవరి శక్తి కొద్దీ వాళ్లు పరుగెత్తారు. ప్రతి వంద గ్రాములకీ ఆక్సిజన్ ఖర్చు 1.11% పెరిగింది, పరుగు 0.78% నెమ్మదించింది. తేలికైతే లాభమని నువ్వన్నది అంతవరకూ నిజమే.

మరి అసలు బూటే లేకపోతే అన్నిటికన్నా తేలిక కదా! 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఇథియోపియా వీరుడు అబెబె బికిలా రాళ్లు పరిచిన వీధుల్లో వట్టి కాళ్లతో పరుగెత్తి, 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లలో మారథాన్ గెలిచాడు. 1964 టోక్యోలో బూట్లు వేసుకుని మళ్లీ గెలిచాడు, 2 గంటల 12 నిమిషాల 11 సెకన్లలో. చూశావా, బూట్లే గొప్ప అనేస్తే తప్పు. నాలుగేళ్లు గడిచాయి, ఊరు వేరు, దారి వేరు, వాతావరణం వేరు. ఇన్ని మారినప్పుడు తేడా దేనివల్లో చెప్పలేం.

అందుకని క్రామ్ బృందమే వట్టి కాళ్ల పరుగుకి బాగా అలవాటుపడ్డ 12 మందిని ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తించింది. వట్టి పాదాలకి కూడా బూటంత బరువు కట్టి చూశారు. బరువు సమానం చేశాక, బూట్లు వేసుకున్నప్పుడే ఖర్చు 3 నుంచి 4% తక్కువ తేలింది. 2014లో ఇంకో చమత్కారం చేశారు. ఫోమ్‌ని కాలికి కాకుండా ట్రెడ్‌మిల్ బెల్టుకే అంటించి, దాని మీద వట్టి కాళ్లతో పరుగెత్తమన్నారు. కాలికి ఒక్క గ్రాము పెరగలేదు, అడుగున 10 మిల్లీమీటర్ల మెత్తదనం మాత్రం చేరింది. ఖర్చు ఒకటిన్నర శాతం పైచిలుకు తగ్గింది. కింద మెత్తగా లేకపోతే ఆ దెబ్బను కాచుకునే పని తొడ కండరాలూ పిక్కలూ చేయాలి, దానికి ఇంధనం కావాలి. మెత్తన పెడితే ఆ ఖర్చు మిగులుతుంది, కానీ బరువు పెరుగుతుంది. బూట్లు చేసేవాళ్లని ఏళ్ల తరబడి ఏడిపించింది ఈ పీటముడే.

దాన్ని విప్పింది కొత్త రకం ఫోమ్. పాత బూట్లలో ఉండేది ఇ.వి.ఎ. అనే పదార్థం. కొత్తగా వచ్చింది పెబాక్స్, ఫ్రాన్స్‌కి చెందిన ఆర్కెమా కంపెనీది. తేలిక, మెత్తన, పైగా నొక్కితే ఊరుకోదు, తిరిగి తంతుంది. దూది పరుపు మీద గెంతితే దిగబడిపోతాం, కొత్తగా బిగించిన నులక మంచం మీద గెంతితే పైకి లేపుతుంది. రెండూ మెత్తనే, రెండోది మాత్రం పుచ్చుకున్నది తిరిగిస్తుంది.

ఎంత తిరిగిస్తుందో కొలవడానికి ఒక యంత్రం ఉంది. రన్నరు కాలు నేలమీద ఎంత బలంతో ఎంతసేపు నొక్కుతుందో అంతే బలంతో అంతేసేపు బూటుని నొక్కి వదులుతుంది. 2017లో అచ్చయిన పరీక్షలో బోల్డర్ ల్యాబు ఇలా మూడు బూట్లని నొక్కి చూసింది. నైకీ కొత్త నమూనా (తర్వాత వేపర్‌ఫ్లై పేరుతో అమ్మారు) 87% శక్తి తిరిగిచ్చింది, అడిడాస్ అడియోస్ బూస్ట్ 76%, నైకీ పాత స్ట్రీక్ 65.5%. శాతాలు చూసి అక్కడే ఆగిపోవద్దు. కొత్తది సుమారు 12 మిల్లీమీటర్లు అణిగింది, మిగతా రెండూ అందులో సగమే. ఎక్కువ అణిగితేనే ఎక్కువ దాచుకోగలదు, దాచుకున్నదే కదా తిరిగిచ్చేది.

యంత్రం చెప్పింది సరే, మనిషి సంగతి? 18 మంది మంచి రన్నర్లని పిలిచారు. గంటకి 14, 16, 18 కిలోమీటర్ల వేగాలకి మూడు వేర్వేరు రోజులు. రోజుకి ఆరు పరుగులు, ఒక్కోటి ఐదు నిమిషాలు, ఒక్కో బూటు రెండేసి సార్లు. నోటికి గొట్టం పెట్టి లోపలికెళ్లే ఆక్సిజన్, బయటికొచ్చే కార్బన్ డయాక్సైడ్ కొలిచారు. తేలికైన బూట్లకి సీసం చేర్చి మూడింటినీ ఒకే బరువుకి తెచ్చారు. కొత్త బూటు బరువు తక్కువ కాబట్టే గెలిచిందనే మాటకి చోటివ్వకూడదని. అయినా సగటున 4% శక్తి మిగిలింది. 18 మందిలో ప్రతివాడికీ లాభమే, కాకపోతే ఒకడికి ఎక్కువ, ఒకడికి తక్కువ.

ఆ పరీక్షకి డబ్బు పెట్టింది నైకీయే. దాచలేదు, పేపర్లోనే రాశారు. నేనైతే అలాంటి పేపరు కనిపిస్తే వెంటనే ఇంకొకరు చేసింది వెతుకుతాను. యూటాలో బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ వాళ్లు చేస్తే 3% లోపే వచ్చింది. తగ్గింది, మాయం మాత్రం కాలేదు. ఇంకోటి, 4% శక్తి మిగిలితే వేగం 4% పెరగదు. మహావేగంగా పరుగెత్తేవాళ్లని గాలి అడ్డుకుంటుంది, వాళ్లకి దక్కేది మూడు శాతం లోపే.

అడుగున కార్బన్ ప్లేటు ఉంటుందనీ, అదే స్ప్రింగులా తంతుందనీ నీ నమ్మకం. మసాచుసెట్స్‌లో ఇద్దరు పరిశోధకులు ఆ ప్లేటుకి అడ్డంగా ఆరు గాట్లు కోసి, బిగువు పోగొట్టి పరుగెత్తించారు. ఖర్చులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆ బూటులో గొప్పంతా ఫోమ్‌దే కావచ్చన్నమాట. 2020లో ప్రపంచ అథ్లెటిక్స్ సంఘం రోడ్డు పరుగులకి ఒకటే ప్లేటు, అడుగు మందం 40 మిల్లీమీటర్లకి మించకూడదని గీత గీసింది.

ఇక మనలాంటి వాళ్ల సంగతి. గంటకి పది కిలోమీటర్ల వేగంలో ఇదే కోవ బూటుని పరీక్షిస్తే సగటు లాభం 1% కూడా లేదు, కొందరికైతే నష్టమే. ఆ వేగంతో మారథాన్‌కి నాలుగుంపావు గంటలు పడుతుంది కదా, అందులో 1% అంటే రెండు నిమిషాల పైచిలుకు. నీళ్ల స్టాలు దగ్గర ఒకసారి ఆగి ఫోటో దిగితే చెల్లు.

కాబట్టి సగటు అంకెలు పక్కన పెట్టి, నీ కాళ్లకి ఏం చేస్తుందో నువ్వే పరీక్షించుకో. ల్యాబు అక్కర్లేదు. ఫ్లైఓవర్లు లేని చదునైన దారి చూసుకో, నెక్లెస్ రోడ్డు చాలు. తెల్లారకముందే వెళ్లు. ఎండ ఎక్కితే బూటుతో పనిలేకుండానే గుండె వేగం పెరుగుతుంది. పాత జతతో పది నిమిషాలు, కొత్తదానితో పది, మళ్లీ కొత్తదానితో పది, చివర పాతదానితో పది. నాలుగుసార్లూ ఒకే పేస్. మధ్యలో గుండె కుదుటపడేదాకా ఆగు. వాచీలో చివరి మూడు నిమిషాల గుండె వేగం రాసుకో. ఈ వరసెందుకంటే, ఊరికే ముందు పాతవి, తర్వాత కొత్తవి వేసుకుంటే అలసటంతా కొత్తవాటి ఖాతాలో పడుతుంది. అటూ ఇటూ తిప్పితే అలసట రెండింటికీ సమానంగా పంచినట్టవుతుంది. ఒక్క పొద్దుటితో తేల్చేయకు, రెండుమూడు వారాలు చూడు. రాత్రి సరిగ్గా నిద్రపోకపోయినా గుండె వేగం మారిపోతుంది.

లాంగ్ రన్‌కి మాత్రం కొత్తవాటితో ఒకేసారి ముప్పై కిలోమీటర్లు దూకకు. ఎత్తైన మెత్తటి అడుగు మీద పాదం పనిచేసే తీరు మారుతుంది. ఇలాంటి బూట్లు వాడుతున్న కొందరు రన్నర్లకి పాదం మధ్య ఎముకలో సన్నటి పగుళ్లు వచ్చాయని వైద్యులు రాశారు. వారానికి ఒక చిన్న పరుగుతో మొదలుపెట్టి మెల్లిగా పెంచు.

అన్నట్టు బరువు కూడా నువ్వే తూచుకో. కంపెనీ వాళ్లు చెప్పే బరువు ఏదో ఒక సైజుది, నీది పదో నంబరు. వంటింట్లో మీ అమ్మ కేకులకి వాడే చిన్న త్రాసుంది కదా, కాగితం పరిచి దానిమీద పెట్టు. మారథాన్ ఆగస్టులో, వానలు. విశాఖలో పరుగుకి వెళ్తే ఉక్కకి చెమటే కారి బూట్లోకి దిగుతుంది. కాబట్టి మేజోడుతో సహా పొడిగా ఒకసారి తూచి, బకెట్లో ముంచి, బాగా విదిలించి, మళ్లీ తూచు. రెండు జతలకీ చెయ్యి. పైగుడ్డ నీళ్లు పీల్చేదైతే, పొడిగా ఉన్నప్పుడు మిగిల్చిన గ్రాములు అక్కడే పోవచ్చు. త్రాసు మాత్రం తుడిచి పెట్టు, మీ అమ్మకి నేను సమాధానం చెప్పుకోలేను.