బాలింత పథ్యము - ఆహార నిపుణుల పాత్ర

ప్రాచీన చైనా గ్రంథమైన ‘చౌ లీ’ రాజాస్థాన వైద్యులను నాలుగు వర్గాలుగా విభజించి, ఆహార వైద్యులకు మొదటి స్థానమిచ్చింది. మన ఆయుర్వేదంలో పథ్యం చెప్పే బాధ్యత వైద్యునిది, ఇంటిలో అమ్మమ్మలది. నేడు ఆసుపత్రులలోని డైటీషియన్లు ఆ వరుసలో చేరినారు. వీరు పథ్యానికి విరోధులన్న అపోహ గృహిణులలో కలదు. బాలింత పథ్యాన్ని పరిశీలించినచో వీరి అవసరమెంతటిదో తెలియగలదు.

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాలలో నేను చూచిన ఇండ్లలో బాలింతకు కాయం తినిపించి, వెల్లుల్లి కారం, నేతితో తెల్లని అన్నం పెడతారు. కొద్ది దినాలకు బీరకాయ, పొట్లకాయ. కందిపప్పు వాతమనీ, పెరుగు శీతలమనీ నిషేధం. కొన్ని ఇండ్లలో మంచినీటికి సైతం కొలతే! ఈ నియమాలు నెల, ఒక్కొక్కచోట మూడు నెలలు సాగుతాయి.

చరకుని మాట వేరు. ఐదు లేక ఏడు రాత్రులు స్నేహపానము, దీపన ద్రవ్యాలతో గంజి ఇచ్చి, పిమ్మట క్రమంగా పుష్టి కలిగించవలెనని శారీరస్థానంలో కలదు. మనవారు మొదటి సగం నిలుపుకొని రెండవ సగం విడిచిపెట్టినారు.

దాని పర్యవసానం చిన్నది కాదు. ఒకప్పటి మద్రాసు రాజధానిలో బెరిబెరి వ్యాధి ప్రబలినది మన సర్కారు కోస్తాలోనే. మిల్లులో తెల్లగా పట్టిన పచ్చి బియ్యంలో తవుడుతో పాటు థయమిన్ అనే బి1 విటమిన్ పోతుంది. వడ్లను ఉడికించి చేసే ఉప్పుడు బియ్యంలో అది గింజలోనికి ఇంకి నిలుస్తుంది. 1918లో కూనూరులో మెక్‌కారిసన్ ప్రారంభించిన బెరిబెరి పరిశోధనే నేటి హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థకు మూలం. 1941లో ఎక్రాయిడ్, కృష్ణన్‌లు బెరిబెరి ప్రాంతపు శిశుమరణాలపై పత్రం ప్రకటించినారు.

తల్లికి థయమిన్ కొరవడితే ఆమె పాలలోనూ కొరవే. రెండు మూడు నెలల శిశువు పాలు త్రాగక, వాంతులు చేసుకొని, గొంతు బొంగురుపోయి ఆయాసపడుతుంటే పసరు మందులతో కాలహరణం చేయరాదు. తక్షణం ఆసుపత్రికి తీసుకొనిపోవలెను. కొన్ని గంటలలోనే ప్రాణం మీదికి రావచ్చును. కారణం థయమిన్ లోపమే అయితే, సకాలంలో ఇంజక్షన్ పడిన శిశువు త్వరగా కోలుకుంటుంది.

మంచి డైటీషియన్ పథ్యాన్ని కొట్టివేయరు. కాయం, వెల్లుల్లి, శొంఠి ఉండనిస్తారు. రేపల్లె వైపు వండే సొరపిట్టును మెచ్చుకుంటారు. లోటును మాత్రం లెక్కకట్టి పూరిస్తారు. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకు 600 కిలోకాలరీలు, సుమారు 17 గ్రాముల మాంసకృత్తులు అదనంగా కావలెను. కందిపప్పంటే భయమైతే పలుచని పెసరకట్టు, నువ్వుల ఉండ, వేయించిన వేరుశనగలు ఉన్నవి. 1986లో బాపట్ల నుండి వచ్చిన సాంబమసూరి అందరికీ ప్రియమే. దానినే తక్కువ పాలిష్‌తో ఆడించుకొనవచ్చును. బియ్యాన్ని పదేపదే కడగడం, గంజి వార్చి పారబోయడం మానవలెను. దాహమైనప్పుడెల్లా నీరు ఇవ్వవలెను. మధుమేహం, గుండె లేక మూత్రపిండాల వ్యాధి ఉన్న బాలింతలు డాక్టరును సంప్రదించక ఏ మార్పూ చేయరాదు.

ఆహారపు చీటీని బాలింత చేతికిచ్చి పంపితే అది వంటగదికి చేరదు. అందుచేత వండి పెట్టే అత్తగారినో, తల్లినో ఎదుట కూర్చుండబెట్టుకొని చెప్పడమే నా పద్ధతి.