కొత్త ఉప్పునీటి అక్వేరియంలో నీళ్లు తెల్లబడ్డాయా?.. కంగారుపడి మొత్తం మార్చేయొద్దు!

వేలకు వేలు పోసి ఉప్పునీటి అక్వేరియం పెట్టుకుంటారు. తీరా చూస్తే నీళ్లు బియ్యం కడిగినట్టు ఉంటాయి. నింపిన రోజే అలా ఉంటే అది ఇసుక పొడి.. ఫిల్టర్ నడుస్తుంటే ఒకట్రెండు రోజుల్లో దానంతట అదే తగ్గుతుంది.

కొన్ని రోజుల తర్వాత పాలలా మారితే మాత్రం కారణం వేరు. బ్యాక్టీరియా ఒక్కసారిగా పెరిగిందన్నమాట. నీళ్లన్నీ పారబోసి కొత్తవి నింపినా మళ్లీ అదే కథ. పైగా ఇది నీటిలోని ఆక్సిజన్‌ను లాగేస్తుంది. లోపల చేపలుంటే ఎయిర్ పంప్, ప్రొటీన్ స్కిమ్మర్ ఆపకూడదు. మేత తగ్గించాలి.

అసలు చిక్కు నీళ్లు తేటపడ్డాకే. అద్దంలా ఉన్నాయి కదా అని వెంటనే క్లౌన్ ఫిష్ తెచ్చి వదిలేస్తారు. చేపను చంపే అమ్మోనియా కంటికి కనిపించదు మరి! దాన్ని నైట్రైట్‌గా, ఆపై నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా రాళ్లపై, ఇసుకలో కుదురుకోవడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ పెరిగి, మళ్లీ రెండూ సున్నాకు వచ్చేదాకా చేపలు వేయొద్దు. ఇప్పటికే వేసేసి, అమ్మోనియా కనిపిస్తే.. విడిగా బకెట్‌లో ఉప్పు పూర్తిగా కరిగించిన నీటితో పావు వంతు మార్చాలి. ఉప్పును నేరుగా ట్యాంక్‌లో పోయకూడదు.