పక్షవాతం – ఇంటివారు గుర్తించవలసిన లక్షణాలు

పక్షవాతం కాలికి, చేతికి వచ్చే జబ్బు అని చాలామంది అనుకుంటారు. నిజానికి అది మెదడుకు వచ్చే జబ్బు. మెదడులోని రక్తనాళంలో రక్తం గడ్డకట్టి అడ్డుపడినా, నాళం చిట్లి రక్తం కారినా ఆ భాగం దెబ్బతింటుంది. ఎడమవైపు మెదడు దెబ్బతింటే కుడి కాలు, కుడి చెయ్యి పడిపోతాయి; తరచు మాట కూడా పోతుంది.

ఈ జబ్బును ముందుగా చూసేది డాక్టరు కాదు, ఇంట్లో ఉన్న మీరే. అనుమానం రాగానే రోగిని నవ్వమనండి, మూతి ఒకవైపుకు లాగుతుందేమో చూడండి. రెండు చేతులూ ముందుకు చాచమనండి, ఒక చెయ్యి కిందికి జారుతుందేమో గమనించండి. తన పేరు, ఊరు చెప్పమనండి, మాట ముద్దగా వస్తుందేమో, అడిగినదానికి పొంతనలేని జవాబు వస్తుందేమో వినండి. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా చాలు, ఆసుపత్రికి బయలుదేరవలసిందే. అకస్మాత్తుగా ఒక కంటి చూపు పోవడం, నడకలో తూలిపోవడం, మునుపెన్నడూ లేనంత తలనొప్పి రావడం కూడా పక్షవాతానికి గుర్తులు కావచ్చు.

అప్పుడు గడియారం చూడండి. "చివరిసారి మామూలుగా ఉన్నది ఎప్పుడు?" అని డాక్టరు తప్పక అడుగుతారు. గడ్డను కరిగించే ఇంజెక్షను సాధారణంగా లక్షణాలు మొదలైన 4.5 గంటల లోపే ఇవ్వాలి, అదీ సి.టి. స్కాన్ తీసి మెదడులో రక్తస్రావం లేదని తేల్చుకున్న తరువాతే. పెద్ద రక్తనాళం మూసుకుపోయిన కొందరికి ఆ సమయం దాటినా గడ్డను తీసే అవకాశం ఉంది కాబట్టి ఆలస్యమైందని ఇంట్లో ఉండిపోవద్దు. 108కి ఫోన్ చేసి, స్కాన్ సౌకర్యం ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లమని అడగండి.

మన ఊళ్లలో ఈ విలువైన సమయం ఎలా పోతుందో అందరికీ తెలిసిందే. గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తారు, పావురం రక్తంతో మర్దన చేస్తారు, పసరు మందుకోసం దూరం వెళతారు. నోట్లో కాఫీ, నీళ్లు పోస్తారు. మింగే శక్తి తగ్గినవారికి అవి ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం మీదకు తెస్తాయి. ఆస్పిరిన్ గాని, అదనంగా బి.పి. మాత్ర గాని మీ అంతట మీరు వేయకండి. ప్రార్థన తప్పక చేయండి; ఆంబులెన్సులో కూర్చుని చేయండి.

కొందరికి చెయ్యి పడిపోయి పది నిమిషాల్లో మళ్లీ మామూలైపోతుంది. తగ్గిపోయిందిలే అని ఊరుకుంటారు. ఇది పెద్ద పక్షవాతానికి ముందు వచ్చే హెచ్చరిక. తరువాతి రెండు రోజులు చాలా ప్రమాదకరం, అదే రోజు డాక్టరుకు చూపించాలి.

ఇక రాకుండా చూసుకోవడం. అన్నిటికంటే పెద్ద కారణం బి.పి. నొప్పి ఉండదు గనుక "బాగానే ఉన్నాను కదా" అని మాత్రలు మానేస్తారు. మాత్రలు వేసుకుంటున్నందువల్లే బాగున్నారని ఇంట్లోవారు నచ్చచెప్పాలి. ఉప్పు రోజుకు మనిషికి 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా మించకూడదు. ఆవకాయ, ఎండుచేపలు, అప్పడాల్లో ఉన్నదీ ఆ లెక్కలోదే. బి.పి., షుగరు ఉన్నవారు ఉపవాస ప్రార్థనల రోజుల్లో మాత్రలు తమంతట తాము మానకూడదు, ఎలా వాడాలో ముందే డాక్టరును అడగాలి. చుట్ట, బీడీ, సిగరెట్ పూర్తిగా మానాలి. గుండె కవాటాల జబ్బు ఉండి, లేదా గుండె లయ తప్పి, రక్తం పలచబరిచే మాత్రలు వాడుతున్నవారు ఒక్క పూట కూడా మరచిపోకూడదు. డాక్టరు చెప్పిన రక్తపరీక్షలు గడువుకు చేయించుకోవాలి.

ఒకసారి పక్షవాతం వచ్చినవారికి మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ. డిశ్చార్జి అయి వెళ్లేటప్పుడు మందుల చీటీ ఎవరి దగ్గర ఉంటుందో, మాత్రలు ఎవరు గుర్తుచేస్తారో వార్డులో ఉండగానే మీలో మీరు అనుకోండి.