ఖాళీ గడి.. గల్లంతయ్యే పేరు

కారేపల్లి: నమూనా లేఖ ఒక్కటే. పేర్లు మాత్రం వందల్లో. నోటీసులు, ఆహ్వానాలు, ధ్రువపత్రాలు నేడు చాలాచోట్ల మెయిల్ మెర్జ్ పద్ధతిలోనే ముద్రితమవుతున్నాయి. ఎక్సెల్ పట్టికలోని వివరాలను వర్డ్ ఒక్కొక్కటిగా తీసుకుని లేఖలో కూర్చుతుంది. పట్టికలో ఒక గడి ఖాళీగా ఉన్నంత మాత్రాన అది ఆగదు. 'భర్త:' అని అచ్చు వేసి, పక్కన ఏమీ లేకుండానే తదుపరి లేఖకు వెళ్లిపోతుంది.

వేరేచోట ఇది అచ్చులో అందవికారం మాత్రమే. అటవీ సరిహద్దు మండలాల్లో సంగతి వేరు. ఒకే తండాలో, ఒకే గూడెంలో ఇంటిపేరుతో సహా ఒకే పేరు గలవారు ఇద్దరు ముగ్గురు ఉండటం కద్దు. వారిని వేరుచేసేది తండ్రి పేరో, భర్త పేరో. అది లేని నోటీసు ఎవరి చేతికి చేరుతుందో చెప్పలేము. చిరునామాకూ ఇదే తంటా. రికార్డుల్లో మండలం పేరు సింగరేణి, జనం నోట కారేపల్లి. ఏది రాయాలో తోచకపోతే ఆ గడి ఖాళీగానే మిగులుతుంది.

రెండు రకాల ఖాళీ

పోడు భూముల హక్కు పత్రాలనే తీసుకుందాం. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ప్రకారం వివాహితులైతే భార్యాభర్తలిద్దరి పేర్లతో, ఒంటరి వ్యక్తే కుటుంబ పెద్ద అయితే ఆ ఒక్కరి పేరుతో హక్కును నమోదు చేయాలి. కనుక జాబితాలో జీవిత భాగస్వామి గడి ఖాళీగా ఉంటే దానికి రెండు అర్థాలు. కుటుంబ పెద్ద ఒంటరి అయితే ఆ ఖాళీ సరైనదే. వివాహితుడైతే మాత్రం భార్య పేరు రాయడం మరచినట్టే, ఆమె హక్కు కాగితంపైకి ఎక్కనట్టే. ఈ తేడా కంప్యూటర్‌కు తెలియదు. 'వివాహిత / ఒంటరి' అని మరో కాలమ్ పెడితే తప్ప చెప్పే దారి లేదు.

తేదీల విషయమూ అంతే. గ్రామసభ తీర్మానంపై అభ్యంతరం ఉన్నవారు 60 రోజుల్లోగా సబ్ డివిజన్ స్థాయి కమిటీకి విన్నవించుకోవచ్చు. విచారణ తేదీని కనీసం 15 రోజుల ముందు రాతపూర్వకంగా తెలపాలని నిబంధనలు చెబుతున్నాయి. ఆ తేదీయే లేని లేఖ అందినా అందనట్టే.

దాచదగినవి.. దాచకూడనివి

ఇంటి నంబరు, ఫోన్ నంబరు వంటివి లేకపోయినా లేఖ చెల్లుతుంది. ఇలాంటి ఫీల్డును విడిగా ఒక పంక్తిలో పెట్టి ఎంటర్ నొక్కితే, గడి ఖాళీ అయినప్పుడు వర్డ్ ఆ పంక్తిని తానే తీసేస్తుంది. షిఫ్ట్‌తో కలిపి ఎంటర్ నొక్కినా, పక్కన కామా గానీ 'ఫోన్:' అనే మాట గానీ ఉన్నా తీయదు. అప్పుడు మెయిలింగ్స్ ట్యాబ్‌లోని రూల్స్‌లో 'ఇఫ్ దెన్ ఎల్స్' ఎంచుకుని, గడి ఖాళీ అయితే ఏమీ రాయవద్దని, కాకుంటే 'ఫోన్:' అని రాయమని షరతు పెట్టాలి. మరో దారీ ఉంది. ఆల్ట్, ఎఫ్9 నొక్కి ఫీల్డ్ కోడ్ తెరచి, చివర బ్యాక్‌స్లాష్, ఆంగ్ల 'బి' అక్షరం, కొటేషన్లలో 'ఫోన్:' చేరిస్తే, నంబరు ఉన్నప్పుడే ఆ మాట అచ్చవుతుంది.

పేరు, సర్వే నంబరు, తేదీ లోపిస్తే దాచే ఉపాయాలు వెతకడమే తప్పు. గ్రహీతల జాబితాలోని ఫిల్టర్‌తో ఆ గడి ఖాళీగా ఉన్నవారిని వేరుచేసి, ముద్రణ ఆపి, వివరాలు తెప్పించుకోవాలి.

సర్వే నంబరు సున్నా!

అసలు చిక్కు గడి నిండుగా ఉండి కూడా లేఖలో ఖాళీగా రావడం. పట్టికలో మొదటి వరుసలన్నీ 214, 215 వంటి అంకెలైతే ఆ కాలమ్ మొత్తం అంకెలేనని డ్రైవర్ ఊహిస్తుంది. సాధారణంగా తొలి 8 వరుసలు చూసే ఈ నిర్ణయానికి వస్తుంది. దిగువన '214/అ' వస్తే దాన్ని సున్నాగానో ఖాళీగానో అందిస్తుంది. మన పట్టాల్లో బై నంబర్లకు కొదవా? కాలమ్‌ను ముందే టెక్స్ట్‌గా మార్చి ఆపై నంబర్లు కొట్టడం, బై నంబరు ఉన్న వరుసను పైకి తేవడం దీనికి విరుగుడు.

స్పేస్ బార్ ఒక్కసారి తగిలినా ఆ గడి ఖాళీ కిందకు రాదు. చూపుకు ఖాళీ, యంత్రానికి నిండు. ఎక్సెల్‌లో ట్రిమ్ ఫార్ములాతో వీటిని తొలగించవచ్చు. ఉచితంగా లభించే లిబ్రే ఆఫీస్ రైటర్ వాడేవారికి షరతుల పాఠం, దాచే పేరా అనే సౌకర్యాలు ఉన్నాయి. ఏది వాడినా ప్రింటర్‌కు పంపే ముందు లేఖలన్నింటినీ ఒకే ఫైలుగా తెరచి, 'భర్త:', 'తేదీ:' పక్కన ఏముందో వెతికి చూసుకోవాలి.