పరీక్షలకు పదసంపద: మా తరగతి నేర్పిన పాఠం

మన టౌన్‌షిప్‌లో కొన్నేళ్లుగా ఒక మార్పును గమనిస్తున్నాము. ఒకప్పుడు ఉద్యోగుల పిల్లలు ఇంజనీరింగ్ ప్రవేశానికో, బ్యాంకు ఉద్యోగానికో సిద్ధమయ్యేవారు. ఇప్పుడు వారిలో పలువురు ఐఈఎల్‌టీఎస్, టోఫెల్ వంటి ఆంగ్ల భాషా పరీక్షలకూ కూర్చుంటున్నారు. ఇంజనీర్లమైన మేము ముగ్గురం విధుల అనంతరం కమ్యూనిటీ హాలులో ఇటువంటి వారికోసం ఒక చిన్న తరగతి నడుపుతున్నాము. మేము భాషాపండితులము కాము. అయినా అనుభవం నేర్పిన నాలుగు సంగతులను పాఠకులతో పంచుకొనడం మా కర్తవ్యమని భావిస్తున్నాము.

పొరపాటు మాదే

మా వద్దకు వచ్చిన తొలివారిలో మన టెక్నీషియన్ ఒకరి కుమార్తె ఉన్నది. నర్సింగ్ పూర్తిచేసి, విదేశంలో ఉద్యోగం ఆశించి ఐఈఎల్‌టీఎస్ రాసింది. ఈ పరీక్షలో ఫలితాన్ని 0 నుండి 9 వరకు బ్యాండ్లలో, అర బ్యాండు తేడాతో ఇస్తారు. వినడం, చదవడం, మాట్లాడటం మూడింటిలోనూ కావలసినంత వచ్చింది. రాయడంలో అర బ్యాండు తగ్గింది. ఆ అర బ్యాండుతోనే ఆ ఏడు అవకాశం చేజారింది. తండ్రి అప్పు చేసి కట్టిన రుసుము వృథా అయింది.

“అంకుల్, మీరిచ్చిన మాటలన్నీ రాశాను కదండీ!” అని ఆ అమ్మాయి అడిగినప్పుడు మాకు నోట మాట రాలేదు. రెండు వందల కఠిన పదాల జాబితాను కంఠస్థం చేయమని ఇచ్చింది మేమే. ఆమె అభ్యాస పుస్తకం తిరగేసి చూశాము. ‘చాలామంది రోగులు’ అనవలసిన చోట ‘ప్లెథోరా ఆఫ్ పేషెంట్స్’ అని ఉన్నది. ‘మెనీ పేషెంట్స్’ అంటే సరిపోయేది. రచనకు మార్కులు వేసే నాలుగు ప్రమాణాలలో పదసంపద ఒకటి. అక్కడ చూసేది పదం ఎంత అరుదైనదని మాత్రమే కాదు, చోటుకు తగినట్లు, తప్పు లేకుండా వాడారా అన్నది కూడా.

ఏ పదాలు నేర్వాలి?

ఈ ప్రశ్నకు సమాధానం వెదికినవారిలో మైకేల్ వెస్ట్ ఒకరు. ఆయన ఢాకాలోని ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో పనిచేస్తూ, బెంగాలీ విద్యార్థుల కోసం పరిమిత పదాలతో వాచకాలు తయారుచేశారు. తరచుగా వాడుకలోకి వచ్చే సుమారు 2,000 పదాల జాబితాను 1953లో ప్రచురించారు. దానికి పైమెట్టుగా న్యూజిలాండ్‌కు చెందిన ఆవరిల్ కాక్స్‌హెడ్ 2000 సంవత్సరంలో 570 పద కుటుంబాల జాబితాను వెలువరించారు. విద్యాసంబంధ రచనలలో ప్రతి వంద మాటలకు సుమారు పది ఈ కుటుంబాలవేనని ఆమె పరిశీలనలో తేలింది. మధ్యస్థాయి అభ్యాసకునికి ఇది చక్కని గని. రోజుకు 5 చొప్పున నేర్చినా 114 రోజులలో, అంటే నాలుగు నెలల లోపే, ఒక చుట్టు పూర్తవుతుంది.

కర్మాగారంలోని మాటలే

ఈ పదాలలో కొన్ని మన నోట నిత్యం నలిగేవే. స్టోర్సులో సామగ్రిని ‘ఇష్యూ’ చేస్తాము. పరీక్షలో ‘ఇష్యూ’ అంటే చర్చనీయమైన సమస్య. ‘మెయింటెయిన్’ అనగానే మనకు యంత్రాల నిర్వహణ గుర్తుకు వస్తుంది. వ్యాసంలో అది ఒక అభిప్రాయాన్ని గట్టిగా నిలబెట్టి వాదించడం. ‘షిఫ్ట్’ అంటే మనకు ఎనిమిది గంటల డ్యూటీ. అక్కడ ధోరణిలో మార్పు. ‘యీల్డ్’ అంటే ఉక్కు సాగిపోయే స్థితి మాత్రమే కాదు, పంట దిగుబడి, లొంగిపోవడం కూడా. తెలిసిన మాటకు తెలియని అర్థం నేర్వడం కొత్త మాటను బట్టీపట్టడం కన్నా సులువు.

పదానికి జోడు ముఖ్యం. తెలుగులో ఒట్టు వేస్తాము, దెబ్బ తింటాము, స్నానం చేస్తాము. ఎవరైనా ‘దెబ్బ చేశాను’ అంటే నవ్వుతాము. ఆంగ్లంలోనూ అంతే. నిర్ణయానికి ‘మేక్’ చేరుతుంది, పరిశోధనకు ‘డూ’ చేరుతుంది. వాన ‘హెవీ’ అవుతుంది గాని ‘స్ట్రాంగ్’ కాదు. కనుక పదాన్ని ఒంటరిగా కాక, దాని జోడుతో సహా ఒక చిన్న వాక్యంలో రాసుకోవాలి.

మరపుకు మందు

నేర్చినది ఎంత త్వరగా మరచిపోతామో జర్మన్ శాస్త్రవేత్త ఎబింగ్‌హౌస్ 1885లోనే తనపై తాను ప్రయోగాలు చేసుకొని చూపారు. బేరింగు అరిగిపోయాక గ్రీజు పెట్టి ప్రయోజనం లేదు. షెడ్యూలు ప్రకారం ముందే పెట్టాలి. పదాలకూ అదే నియమం. మరునాడు, మూడవ నాడు, వారానికి, నెలకు ఒకసారి తిరిగి చూడాలి. అట్టముక్కల మీద పదాలు రాసి, వచ్చినవాటిని తరువాతి పెట్టెలోకి జరిపి, రానివాటిని మొదటి పెట్టెకే తిరిగి చేర్చే పద్ధతిని సెబాస్టియన్ లైట్నర్ 1972లో ప్రచారంలోకి తెచ్చారు. మా తరగతిలో ఖాళీ బూట్ల పెట్టెలే ఇందుకు ఉపయోగపడుతున్నాయి.

ఆ అమ్మాయి పాత జాబితాను పక్కనపెట్టి, ఐదు నెలలు ఈ విధంగా సాధన చేసింది. రెండవసారి రాసినప్పుడు ఆ అర బ్యాండు దక్కింది. ఘనత ఆమెది, మాకు మిగిలింది పాఠం.

తల్లిదండ్రులకు మా విన్నపం ఒక్కటే. పిల్లవాడు ఎన్ని పదాలు కంఠస్థం చేశాడని అడగకండి. ఈ రోజు నేర్చిన ఐదింటితో ఐదు వాక్యాలు చెప్పమనండి. మనకు ఆంగ్లం అంతగా రాకున్నా, ఓపికగా కూర్చుని వినడం వచ్చును గదా!